డ్రమ్ము తిరగడం లేదా? ముందు ప్లగ్గు తీయండి

నీళ్ళు నిండినవి. సబ్బు పొడి కరిగింది. టైమరు తిప్పగానే లోపల మోటారు గుయ్యిమని మూలుగుతున్నది గాని డ్రమ్ము కదలడం లేదు. బయట ముసురు పట్టి ఉన్నది. ఇంటాయనకు తెల్లవారితే మొదటి షిఫ్టు. ఉన్న రెండు జతల యూనిఫారాలలో ఒకటి ఒంటి మీద, ఇంకొకటి ఈ నీళ్ళలో. రామగుండం, గోదావరిఖని కాలనీలలోనూ చుట్టుపక్కల పల్లెలలోనూ ఇటువంటి పూట ఎదురుకాని ఇల్లు తక్కువ. అప్పుడు సాధారణంగా జరిగేది రెండింటిలో ఒకటి. ఇంట్లో ఎవరో ఒకరు తడి కాళ్ళతోనే యంత్రము వెనుక మూత ఊడదీసి చేయి పెడతారు. లేదా కబురు చేస్తే వచ్చిన మెకానిక్కు "మోటారు పోయింది" అని ఒక్క మాట చెప్పి వేల రూపాయల లెక్క వేస్తాడు. మొదటిది ప్రాణానికి ముప్పు, రెండవది ఇంటి ఖర్చుకు దెబ్బ. ఈ రెండింటి నుండి మన కుటుంబములు తప్పించుకొనుటకు పనికివచ్చునని ఈ సంగతులు వ్రాస్తున్నాము.

బట్టలుతికే పని చిన్నదని అనుకొనేవారు ఎన్నడూ ఉతకనివారే. బొగ్గు గనిలో దిగివచ్చిన మనిషి చొక్కాలో దుమ్ము ఒక్కటే ఉండదు, చెమట ఉంటుంది, యంత్రాల గ్రీజు ఉంటుంది. ఓపెన్ కాస్టు గనుల వైపు ఉన్న ఊళ్ళలోనైతే గనికి పోనివారి బట్టలు కూడ దండెము మీదనే నల్లబడతాయి. నానబెట్టి, బండ మీద బాది, బ్రష్షుతో రుద్ది, రెండు మూడు నీళ్ళలో జాడించి, పిండి ఆరవేసే సరికి ఇంటి తల్లికి సగం దినము గడిచిపోయేది. ఆదివారము ఆరాధనకు తెల్లచీర కట్టుకొని వచ్చే అక్కచెల్లెండ్ల చేతులు చూస్తే, ఆ తెలుపు వెనుక ఎంత శ్రమ ఉన్నదో తెలుస్తుంది. కాబట్టి ఈ యంత్రమును ఆడంబరముగా లెక్కించడము మాకు న్యాయముగా తోచదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు పోతాము. బట్టలుతికే యంత్రమును గురించి శ్రద్ధగా ఆలోచించిన తొలివారిలో ఒక సంఘకాపరి ఉన్నాడు. జర్మనీ దేశములోని రేగెన్స్‌బర్గ్ పట్టణములో ప్రొటెస్టెంటు కాపరిగా ఉన్న యాకోబ్ క్రిస్టియన్ షేఫర్, 1767లో తాను రూపొందించిన ఉతికే యంత్రమును గురించి పుస్తకము అచ్చు వేయించాడు. ఆయన పుట్టగొడుగులను, పురుగులను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు కూడ. అది చేతితో త్రిప్పే కొయ్య తొట్టి. విద్యుత్తు మోటారు దానికి తోడైనది ఇరవయ్యవ శతాబ్దములోనే. మన దేశములో మధ్యతరగతి ఇండ్లలోనికి ఇది 1980ల చివర, 1990లలో వచ్చింది. ఆనాటి వీడియోకాన్, బి.పి.ఎల్. పేర్లు పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటాయి.

ఇక అసలు విషయము. మీ ఇంట ఉన్నది ఏ రకము యంత్రమో ముందు తెలియాలి, ఎందుకంటే ఒక దాని రోగము మరొక దానికి ఉండదు. పల్లెలలో ఎక్కువగా కనబడేది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. ఒక తొట్టిలో ఉతుకుతుంది, పక్కనున్న చిన్న తొట్టిలో నీరు పిండుతుంది. ఈ చిన్నదానినే మనవారు డ్రయ్యరు అంటారు. రెండింటికీ వేరు వేరు మోటార్లు ఉంటాయి. ఉతికే తొట్టి అసలు తిరగదు, అడుగున ఉన్న ప్లాస్టిక్ చక్రము మాత్రమే ఇటూ అటూ తిరిగి నీటిని సుడి తిప్పుతుంది. కొత్తగా కొన్నవారు తొట్టి తిరగడం లేదని కంగారు పడి మెకానిక్కును పిలిపించి, వచ్చినందుకు డబ్బు ఇచ్చుకొనడము మేము ఎరుగుదుము. రెండవ రకము పైన మూత ఉండే పూర్తి ఆటోమేటిక్. మూడవది ముందు గుండ్రటి తలుపు ఉండేది. ఈ రెండింటిలో ఉతికేదీ పిండేదీ ఒకే డ్రమ్ము.

ఏ రకమైనా సరే, మొదటి పని ప్లగ్గు పీకివేయడము. స్విచ్చి కట్టడము చాలదు. పాత క్వార్టర్లలోనూ, పల్లెటూరి ఇండ్లలోనూ తెలియనివారు చేసిన వైరింగులో స్విచ్చి న్యూట్రలు వైరుకు పడి ఉండవచ్చు. అప్పుడు స్విచ్చి కట్టినా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకేటప్పుడు కాళ్ళకు చెప్పులుండాలి, చేతులు పొడిగా ఉండాలి, నేల మీద నీళ్ళు తుడవాలి. పైకి చిన్న మాటలే గాని, స్నానాల గది వాకిట్లో యంత్రము పెట్టుకొన్న ఇండ్లలో ప్రాణము నిలిచేది వీటి వల్లనే.

యంత్రము ముట్టుకొంటే చిమచిమలాడితే అది ఎర్తింగు లేనందున కలిగే సూచన. మూడు పిన్నుల ప్లగ్గులో పొడుగ్గా లావుగా ఉండే పై పిన్ను ఎర్తుది. ఆ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టే అలవాటు మన వైపు ఉన్నది. అది ఇంట్లో పామును పెంచినట్టే. లోపల ఎక్కడైనా వైరు తోలు ఊడి రేకుకు తగిలితే, ఆ కరెంటు భూమిలోనికి పోవలసిన దారి ఎర్తు వైరే. ఆ దారి లేకపోతే, తడి చేతితో మూత తీసిన మనిషి శరీరమే దారి అవుతుంది. ఇంటి వెనుక ఎర్తు గుంట తవ్వించి, పాత పద్ధతిలో కట్టెబొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, ఎండాకాలములో అప్పుడప్పుడు ఒక బిందె నీళ్ళు పోయాలి. (ఇక్కడ బొగ్గు అంటే గని బొగ్గు కాదు, కట్టెల బొగ్గు. మన ప్రాంతములో ఈ మాట విడిగా చెప్పవలసి వస్తుంది.) దానితో పాటు ముప్పయి మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కోసివేసే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి మీటరు పెట్టె దగ్గర పెట్టించుకొంటే మంచిది. మోటారు మార్పించే ఖర్చుకన్న ఆ ఖర్చు ముందు పెట్టవలసినదని మా అభిప్రాయము.

ప్లగ్గు తీసిన తరువాత, డ్రమ్మును చేతితో తిప్పి చూడాలి. బట్టలూ నీళ్ళూ తీసివేసి, రెండు చేతులతో మెల్లగా తిప్పండి. డ్రయ్యరైతే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మూత తీసి ఉన్నప్పుడు బ్రేకు పట్టుకొని ఉంటుంది గనుక అది బిగుసుకొనే ఉండాలి. ఒకరు మూత మూసినట్టు ఆ మీటను నొక్కి పట్టగా ఇంకొకరు తిప్పితే సులువుగా తిరగాలి. ఈ ఒక్క పరీక్షతో సగము రోగము తెలిసిపోతుంది. తేలికగా తిరిగితే రోగము కరెంటు వైపు ఉన్నది. బిగుసుకొని ఉంటే ఏదో అడ్డుపడింది, లేదా బ్రేకు వదలలేదు, లేదా బేరింగు పట్టుకొన్నది. తిప్పుతుంటే ఏమీ తగులుకోనట్టు వదులుగా గిర్రున తిరిగిపోతే బెల్టు జారిందనో, కింద జోడింపు ఊడిందనో అనుకోవచ్చు.

తరువాత చెవి పెట్టి వినాలి. మూత మూసి, ప్లగ్గు పెట్టి, కొద్ది క్షణములు మాత్రమే నడిపి చూడండి.

ఏ చప్పుడూ లేకపోతే కంగారు పడనక్కరలేదు, చాలసార్లు అది పెద్ద రోగము కాదు. సాకెట్టులో కరెంటున్నదా అని వేరొక వస్తువు పెట్టి చూడాలి. మూత సరిగా పడిందా చూడాలి. మూత కింద చిన్న స్విచ్చి ఉంటుంది, అది నొక్కబడితే గాని మోటారుకు కరెంటు పోదు. సబ్బు పొడి గడ్డకట్టి, లేదా మూత ప్లాస్టిక్ ముక్క విరిగి, ఆ స్విచ్చి అందకపోతే యంత్రము చచ్చినట్టు పడి ఉంటుంది. తడి బట్టతో తుడిస్తే బాగుపడిన యంత్రములు ఉన్నవి. ముందు తలుపు యంత్రములలో తలుపు తాళము పడకపోయినా ఇదే సంగతి.

ఇంకొక కారణము ఎలుకలు. వరి కోతలైన తరువాత పొలాలలోని ఎలుకలు ఇండ్లలోనికి వస్తాయి. యంత్రము అడుగు చాలవాటికి తెరిచే ఉంటుంది. లోపల వెచ్చగా, చీకటిగా ఉంటుంది, కొరుకుటకు మెత్తని వైర్లుంటాయి. ఒక్క వైరు తెగితే డ్రమ్ము ఆగుతుంది. రెండు వైర్ల తోలు పోయి ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. అడుగున బిగించే జాలీ, రేకు అమ్ముతారు. దొరకకపోతే సన్నని ఇనుప జాలీ కత్తిరించి, వైర్లకు, బెల్టుకు తగలకుండ మెకానిక్కుచేత బిగించుకొనవచ్చును. గాలి ఆడకుండ గోనెసంచి కట్టడము మాత్రం చేయకూడదు, మోటారు వేడెక్కుతుంది.

మూలుగు వినబడి డ్రమ్ము కదలకపోతే, వెంటనే కట్టివేయండి. ఇది అన్నిటికన్న ముఖ్యమైన మాట. తిరగలేని మోటారు తీసుకొనే కరెంటు, తిరుగుతున్న మోటారు తీసుకొనేదానికి కొన్ని రెట్లు. ఆ వేడికి లోపలి రాగి తీగ మీది పూత కాలిపోతుంది. "కాసేపటికి అదే అందుకుంటుందిలే" అని వదిలిపెట్టిన ఇంట్లోనే చిన్న రోగము పెద్ద రోగమైపోతుంది. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యము. కొన్ని మోటార్లలో వేడెక్కితే దానంతట అది ఆగి, చల్లారిన తరువాత మళ్ళీ నడిచే ఏర్పాటు ఉంటుంది. అరగంట విశ్రాంతి ఇస్తే నడిచి మళ్ళీ ఆగుతున్నదంటే, అది బాగుపడిందని కాదు, భారము మోయలేకపోతున్నదని అర్థము.

ఈ మూలుగుకు తరచుగా కారణము కెపాసిటరు. మన మెకానిక్కులు కండెన్సరు అంటారు. సీలింగు ఫ్యానులో ఉండేదానివంటిదే. ఈ మోటార్లు తమంతట తాము కదలలేవు, మొదట ఒక నెట్టు కావాలి. ఏ వైపు తిరగాలో ఆ నెట్టే చెబుతుంది. కెపాసిటరు బలహీనపడితే మోటారు మూలుగుతూ నిలిచిపోతుంది. దాని ధర మోటారుతో పోలిస్తే చాల తక్కువ. అందుచేతనే చెబుతున్నాము, "మోటారు పోయింది" అన్న మాట వినగానే "కండెన్సరు మార్చి చూశారా?" అని అడగండి. దాని మీద మైక్రోఫారడ్ల సంఖ్య, వోల్టుల సంఖ్య అచ్చు వేసి ఉంటాయి. ఉతికే మోటారుకు ఒక సంఖ్య, డ్రయ్యరు మోటారుకు వేరొక సంఖ్య ఉంటుంది. ఉన్న సంఖ్యదే వేయించాలి, "ఎక్కువది వేస్తే బలంగా తిరుగుతుంది" అనే మాట నమ్మకూడదు. ఇంకొక హెచ్చరిక: ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులో కరెంటు నిలువ ఉండవచ్చు. దాని కొసలు వట్టి చేతితో ముట్టవద్దు. ఆ పని తెలిసినవారే చేయాలి.

కెపాసిటరు బాగుండి కూడ మూలిగితే, కింద ఏదో ఇరుక్కొన్నది. ప్లాస్టిక్ చక్రము కింద దొరికే వస్తువుల జాబితా ఏ ఇంట్లోనైనా ఒకటే: రూపాయి బిళ్ళలు, పిన్నీసులు, జడ పిన్నులు, గుండీలు, పిల్లల గోళీలు, లోపలి బట్టల తీగ. మన ప్రాంతములో వీటికి తోడు గని దారి కంకర ముక్కలు, జేబుల అడుగున పేరుకొన్న బొగ్గు నలుసులు. చక్రము నడుమ ఉన్న మూత తీసి, ఒక్క స్క్రూ విప్పితే చక్రము పైకి వస్తుంది. ఆ కింద పేరుకొన్న నల్లని బురదను పాత టూత్ బ్రష్షుతో కడిగి మళ్ళీ బిగించవచ్చును. మగవారి కోసము ఎదురుచూడక్కరలేదు, పదవ తరగతి చదివే ఆడపిల్ల కూడ తేలికగా నేర్చుకొనగల పని ఇది.

కొన్నిసార్లు యంత్రములో ఏ లోపమూ ఉండదు, కరెంటుకే బలముండదు. రామగుండములో జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రపు మొదటి యూనిట్టు 1983లో మొదలైంది, అక్కడి సామర్థ్యము 2,600 మెగావాట్లకు పెరిగింది. ఆ పొగగొట్టములు కనబడే దూరములో ఉండి కూడ, లైను చివరనున్న ఇంట్లో సాయంకాలము బల్బు ఎర్రగా వెలగడము చూస్తే ఎవరికైనా ఆశ్చర్యము కలుగుతుంది. కాని వోల్టేజి ఇంటికి దగ్గరగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరును బట్టి, దాని మీద పడిన మోటార్ల భారమును బట్టి ఉంటుంది. ఈ మోటార్ల లెక్క ఏమిటంటే, వోల్టేజి కొంచెము తగ్గితే బలము ఎక్కువగా తగ్గుతుంది. 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే, మోటారు తిప్పే బలము సుమారు అరవై శాతానికి పడిపోతుంది. ఉదయము తిరిగి సాయంత్రము తిరగని యంత్రమును మెకానిక్కుకు చూపించక ముందు వోల్టేజి చూపించాలి. పంపుసెట్లు నడవని వేళ బట్టలు వేసుకోవడమో, స్టెబిలైజరు కొనడమో దానికి మందు.

మూడవ చప్పుడు, అంటే మోటారు చక్కగా తిరుగుతున్న చప్పుడే వినబడుతున్నది గాని డ్రమ్ము ఊరకే ఉన్నది. ఇది వింటే సంతోషించవచ్చు, మోటారు క్షేమముగా ఉన్నది. ఉతికే వైపు బెల్టు జారి ఉంటుంది, లేదా సాగి తెగి ఉంటుంది. బెల్టు మీద అచ్చైన సంఖ్య వ్రాసుకొనిపోతే పెద్దపల్లిలోనో గోదావరిఖనిలోనో విడిభాగాల దుకాణములో అడుగవచ్చు. బెల్టు బాగుంటే ప్లాస్టిక్ చక్రము నడిమి పళ్ళు అరిగి ఉండవచ్చు. ఇరుసు తిరుగుతుంది, చక్రము జారుతుంది. డ్రయ్యరు వైపు బెల్టు ఉండదు. మోటారు ఇరుసును, తొట్టి ఇరుసును ఒక జోడింపు ముక్క కలుపుతుంది, దాని స్క్రూలు వదులైతే మోటారు ఒంటరిగా తిరుగుతుంది. ముందు తలుపు యంత్రముల పాత రకములలో కార్బను బ్రష్షులు ఉంటాయి. అవి అరిగితే మోటారు మొండికేస్తుంది, అరిగే ముందు నిప్పురవ్వలు కనబడతాయి. మార్చినప్పుడు రెండూ కలిపి మార్చాలి.

డ్రయ్యరు సంగతి కొంచెము విడిగా వ్రాయాలి, ఎందుకంటే మాకు భయము కలిగించేది అదే. ఆ చిన్న తొట్టి నిమిషానికి సుమారు 1,300 చుట్లు తిరుగుతుంది. తొట్టి అడ్డము ఇరవై నాలుగు సెంటీమీటర్లనుకొంటే, దాని అంచు గంటకు దాదాపు యాభై తొమ్మిది కిలోమీటర్ల వేగముతో పోతున్నట్టు. రాజీవ్ రహదారి మీద ఆర్.టి.సి. బస్సు పోయే వేగము అది. అంచున ఉన్న నీటిబొట్టు తన బరువుకు రెండు వందల రెట్లకు పైగా బలముతో బయటికి నెట్టబడుతుంది, అందుకే బట్ట నుండి విడివడి రంధ్రములలో గుండ పోతుంది. ఆ వేగములో పిల్లవాడు చేయి పెడితే, తడి చీర కొంగు వేళ్ళకు చుట్టుకొంటే ఏమవుతుందో వ్రాయనక్కరలేదు.

ఆ ప్రమాదము రాకూడదనే తయారుచేసినవారు మూతకు రెండు కాపలాలు పెట్టారు. మూత తీయగానే స్విచ్చి కరెంటు కోస్తుంది, బ్రేకు వైరు వదులై బ్రేకు పట్టుకొంటుంది. తుప్పు వలన ఆ బ్రేకు వైరు తెగితే, మూత మూసినా బ్రేకు వదలదు. డ్రయ్యరు తిరగకపోవడానికి ఇది చాల మామూలు కారణము, ఖర్చు కూడ తక్కువే. అయితే కొందరు మెకానిక్కులు సులువు పని ఒకటి చేస్తారు: బ్రేకును శాశ్వతముగా వదిలి కట్టివేస్తారు, మూత స్విచ్చి వైర్లను నేరుగా కలిపివేస్తారు. యంత్రము తిరుగుతుంది, ఇంటివారు సంతోషిస్తారు, ఆ దినము నుండి మూత తీసినా తొట్టి తిరుగుతూనే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పని చేయనివ్వకండి. ఇప్పటికే చేసి ఉన్నదేమో ఈ రోజే పరీక్షించండి. ఖాళీ తొట్టిని తిప్పి, మూత తీయండి. కొద్ది క్షణములలో ఆగాలి. ఆగకపోతే బాగుచేయించే వరకు ఆ వైపు వాడకండి.

డ్రయ్యరు కింద ఉండే రబ్బరు సీలు చినిగితే నీరు నేరుగా మోటారు మీద కారుతుంది. అప్పుడు బేరింగు తుప్పుపట్టి మొదట కీచుమంటుంది, తరువాత విమానము లేచినట్టు హోరు పెడుతుంది, చివరకు పట్టుకొంటుంది. కీచుమన్ననాడే చూపించుకొంటే సీలుతో పోతుంది.

పూర్తి ఆటోమేటిక్ యంత్రములకు ఒక గుణము ఉన్నది. లోపలి నీరంతా బయటికి పోయినదని నమ్మకము కలిగితే గాని పిండుటకు తిరగవు. ఉతికింది, జాడించింది, చివరన నీళ్ళతోనే నిలిచిపోయిందంటే డ్రమ్మును కాదు, నీరు పోయే దారిని చూడాలి. గొట్టము మడతపడిందా, చివర బురదలో కూరుకుపోయిందా? ముందు తలుపు యంత్రములలో కింద మూలన చిన్న తలుపు, దాని లోపల జల్లెడ ఉంటుంది. నెలకొకసారి విప్పి కడగాలి. గని బట్టలు ఉతికే ఇంట్లో వారానికొకసారి కడిగినా ఎక్కువ కాదు. సెమీ ఆటోమేటిక్‌లో చాలవాటికి పంపు ఉండదు, నీరు పల్లానికే పోవాలి. గొట్టమును కిటికీ మీదుగా, గోడ మీదుగా ఎక్కించి బయటికి వేస్తే నీరు వెనుకకు నిలిచి డ్రయ్యరు అడుగున చేరుతుంది. నీటిలో తేలుతూ తొట్టి ఎట్లా తిరుగుతుంది?

బరువు సంగతి. ఏడు కిలోల యంత్రము అంటే పొడి బట్టలు ఏడు కిలోలు. తడిసిన దుప్పటి బరువు వేరు. డిసెంబరు మొదటి వారములో పండుగకు ముందు కర్టెన్లు, దుప్పట్లు, చద్దర్లు అన్నీ ఒక్క దినమే వేసి యంత్రమును కూలదీసేవారున్నారు. డ్రయ్యరులో దుప్పటి ఒక పక్కకు చేరితే తొట్టి ఊగి గోడలకు కొట్టుకొంటుంది. ఆటోమేటిక్ యంత్రమైతే తనంతట తాను ఆగిపోతుంది. బట్టలు గుండ్రముగా సర్ది, పైన ప్లాస్టిక్ బిళ్ళ అదిమి పెట్టాలి. క్వార్టర్లలో నేల నీళ్ళ తూము వైపు వాలుగా ఉంటుంది గనుక, యంత్రము నాలుగు కాళ్ళూ సమముగా ఆనినవా చూడాలి. పైన ఒక పళ్ళెములో నీళ్ళు పోసి చూస్తే వాలు తెలుస్తుంది.

గని బట్టలను నేరుగా యంత్రములో వేయవద్దు. ముందు ఆరుబయట దులపండి, జేబులు తిరగేయండి, బకెట్టులో అరగంట నానబెట్టి ఆ మొదటి నల్లనీరు పారబోయండి. పిల్లల బట్టలతో, తెల్లబట్టలతో కలపవద్దు. బోరు నీళ్ళు వాడే ఊళ్ళలో తెల్లని సున్నపు పొర డ్రమ్ము చుట్టూ, ఇరుసు చుట్టూ పేరుకొంటుంది. సబ్బు నురగ రాదు, ఇంకా పొడి వేస్తారు, అది కూడ పేరుకొంటుంది. రెండు నెలలకొకసారి బట్టలు లేకుండ గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు వేసి తిప్పి పారబోస్తే ఆ పొర కరుగుతుంది. కాని నిమ్మ ఉప్పును బ్లీచింగు పౌడరుతో ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో అది ప్రాణాపాయము.

మెకానిక్కును పిలిచేటప్పుడు, "తిరగడం లేదు" అని మాత్రమే చెప్పకండి. మూలుగుతున్నదా, నిశ్శబ్దముగా ఉన్నదా, మోటారు తిరుగుతున్నదా, చేతితో తిప్పితే ఎట్లా ఉన్నది, ఇవి చెప్పండి. ఇంటివారికి తెలుసునని గ్రహిస్తే లెక్క కూడ జాగ్రత్తగా వేస్తాడు. నిజాయితీగా పనిచేసేవారు ఎందరో ఉన్నారు, వారికి ఈ ప్రశ్నలు కోపము తెప్పించవు. మార్చిన పాత భాగమును ఇచ్చిపొమ్మనండి, రసీదు తీసుకోండి. అన్నిటికన్న ముందు వారంటీ కాగితము వెదకండి. యంత్రమునకు రెండేండ్లే ఉన్నా, కొన్నిటికి మోటారుకు వేరుగా అయిదు, పది సంవత్సరముల వారంటీ ఉంటుంది. బయటివారిచేత విప్పిస్తే అది పోవచ్చు. వారంటీ ఉండి కూడ తిప్పి పంపితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రములో చెప్పుకొనవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనుకు స్వయముగా ఫిర్యాదు ఇవ్వవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. అయిదు లక్షల లోపు వస్తువుకు రుసుము కూడ లేదు.

గేరు పెట్టె పోతేనో, తొట్టి పగిలితేనో, యంత్రము పది పన్నెండేండ్లదైతే, బాగుచేతకు అయ్యే ఖర్చు కొత్తదాని ధరలో సగము దాటితే, మేమైతే బాగుచేయించము. పాతదానిని తూకానికి వేయవద్దు. పనిచేసే మోటారు, టైమరు, గొట్టములు మెకానిక్కులు కొంటారు.

మెకానిక్కు వచ్చే లోపల తడి బట్టలను రాత్రంతా లోపలే ఉంచకండి, వాసన పడతాయి, రంగులు అంటుకొంటాయి. ఆటోమేటిక్ యంత్రములో నీరు నిలిచి ఉంటే ప్లగ్గు తీసి, వెనుక నీరు పోయే గొట్టమును కొక్కెము నుండి తప్పించి, నేల మీద వెడల్పాటి తాంబాళములోనికి వంచండి. కొన్నిటిలో నీరు దానంతట అదే దిగుతుంది. ముందు తలుపు యంత్రమైతే జల్లెడ పక్కన చిన్న గొట్టము ఉంటుంది, బిరడా తీసి కొంచెము కొంచెముగా వదలండి. వేడినీళ్ళతో ఉతికి ఉంటే చల్లారే వరకు ఆగండి. నీరు పూర్తిగా పోయిన తరువాత తలుపు తీసి, యూనిఫారమును ఇద్దరు చెరొక కొస పట్టుకొని మెలిపెట్టి పిండి, ఫ్యాను కింద వేస్తే తెల్లవారే సరికి షిఫ్టుకు వేసుకొనేంత ఆరుతుంది.